అప్‌డేట్: అరుదైన ఇంగ్లిష్ పదాలు గుర్తుండడం లేదని అడిగింది నేనే

రోజుకు పది చొప్పున అరుదైన ఇంగ్లిష్ పదాలను నోటుబుక్కులో రాసుకుంటున్నా, వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండడం లేదని రెండు నెలల క్రితం నల్లగొండ నుంచి అడిగాను. సంఖ్య తగ్గించి, ప్రతి పదం పుట్టుకను తెలుసుకొని, సొంత అనుభవంలోంచి ఒక వాక్యం రాసుకోమని మీలో చాలామంది సూచించారు.

ఆ ప్రకారం వారానికి మూడు పదాలకే పరిమితమయ్యాను. అన్నింటికంటే బాగా నాటుకున్నది ‘పెట్రికోర్’. ఎండిన నేలపై వాన పడినప్పుడు లేచే వాసనకు, గ్రీకులో రాయి అనే అర్థమున్న మాటను, దేవతల నరాల్లో పారే ద్రవం పేరుతో కలిపి, 1964లో ఆస్ట్రేలియాలోని ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. మిరుగు కార్తెలో మా చెలక మీద తొలి వాన పడగానే గట్టున నిలబడి ఆ మాట పైకి అనుకున్నాను. ఆ తర్వాత దాన్ని మళ్లీ పుస్తకంలో చూసుకోవలసిన అవసరం రాలేదు. ‘బ్యాండికూట్’ విషయంలో మాత్రం కాస్త సిగ్గుపడ్డాను, ఎందుకంటే కష్టపడి బట్టీ పట్టిన ఆ మాట మన పందికొక్కే.

ఒక పొరపాటూ జరిగింది. ఆఫీసు ఉత్తరంలో ‘టూర్’ అని రాయవలసిన చోట ‘పెరెగ్రినేషన్’ అని రాస్తే, మా సారు ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘టూర్’ అని మాత్రమే రాసి పంపారు. అప్పటినుంచి ఇటువంటి పదాలను చదివేటప్పుడు గుర్తుపట్టడానికే ఉంచుకున్నాను. పాత నోటుబుక్కు అటకెక్కింది.