మతం మారిందా, పుచ్చుకుందా, కలిసిపోయిందా?

కావలి నుంచి, అనువాదకురాలు:
మాస్టారూ, యూరప్ రాజవంశాల గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ చెల్లెలు సోఫియా 1889లో గ్రీసు యువరాజు కాన్‌స్టంటైన్‌ను పెళ్లాడింది. 1891లో ప్రొటెస్టెంటు మతం విడిచి గ్రీసువారి ఆర్థడాక్స్ క్రైస్తవ సంఘంలో చేరింది. అన్నా వదినా భగ్గుమన్నారు. మూడేళ్లు జర్మనీలో అడుగుపెట్టవద్దని అన్నగారి ఆజ్ఞ. దీనికి 'మతం మారింది' అని రాస్తే చప్పగా ఉంది.

ఒంగోలు నుంచి, తెలుగు పండితుడు:
చప్పగా ఉండక ఏం చేస్తుందమ్మా! 'మారింది' దూరంగా నిలబడి చూసేవాడి మాట. 1878లో ఇక్కడి గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ సంగతి చెబుతూ 'మతం పుచ్చుకున్నారు' అనేవారు. ఎంత మర్యాద ఉందో చూడండి ఆ క్రియలో! దానం పుచ్చుకుంటాం, తాంబూలం పుచ్చుకుంటాం. చేయి చాపిన మనిషి ఇష్టం అందులో ఉంటుంది. పైగా పెళ్లి సంబంధాలను మనం ఇచ్చిపుచ్చుకోవడాలనే అంటాం. సోఫియా పెళ్లయిన రెండేళ్లకు, తనకు తానుగా చేరింది కాబట్టి ఆమెకు 'పుచ్చుకుంది' అన్నదే తగిన మాట.

అదే సంగతి పుట్టింటివారి నోట వస్తే 'వాళ్లలో కలిసిపోయింది' అవుతుంది. ఇక మన పిల్ల కాదన్న దుఃఖం, కోపం రెండూ ఆ 'పోయింది'లో ఉన్నాయి. విల్‌హెల్మ్ మాటగా రాయవలసి వస్తే నేను ఇదే రాస్తాను.

కావలి నుంచి:
రష్యా రాణి కేథరిన్ సంగతి కూడా ఇదే వ్యాసంలో ఉంది మాస్టారూ. ఆమె అసలు పేరూ సోఫీయే. పెళ్లికి ముందు ఏడాది, 1744లో, లూథరన్ అనే ప్రొటెస్టెంటు శాఖను వదిలి ఆర్థడాక్స్‌లో చేరింది. పేరు కూడా మార్చారు. తండ్రికి ససేమిరా ఇష్టం లేదు. అక్కడా 'పుచ్చుకుంది' అనవచ్చా?

ఒంగోలు నుంచి:
అక్కడ నాకు మనసొప్పదు. మతం మారనిదే సింహాసనపు వారసుడితో పెళ్లి లేదు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. ఎంత ఇష్టపడి చేరిందో, ఎంత తప్పక చేరిందో ఆమెకే తెలియాలి. 'మతం' అనే మాటకు సంస్కృతంలో మొదటి అర్థం తలపు, అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్నవి దాని తోబుట్టువులే. అభిమతం తెలియని చోట 'పుచ్చుకుంది' అని రాయకండి. అక్కడ మీ చప్పటి 'మారింది'నే ఉంచండి.

కావలి నుంచి:
అలాగే మాస్టారూ. సోఫియాకు 'పుచ్చుకుంది', అన్నగారి నోట 'కలిసిపోయింది', కేథరిన్‌కు 'మారింది'. ఈ రాత్రికే దిద్దుతాను.