ఊరికి పంపడం సరే, ఊరి వైద్యం ఎవరు నేర్పుతారు?

పాఠం_చెప్పే_వాసంతి: 2021-22 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులు ఊళ్లో కుటుంబాలను దత్తత తీసుకుంటున్నారు. హౌస్‌సర్జన్లకు కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాలు, పీజీలకు జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు. ఇన్ని ఉన్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో ఒంటరిగా డ్యూటీ అంటే పిల్లలు బిక్కచచ్చిపోతున్నారు. లోపం ఎక్కడ?

గోదారిగట్టు: లోపం మెతకదనంలో ఉంది. సర్కారు సీటులో చదివినవాళ్లు రెండేళ్లు పల్లెలో చేస్తేనే పీజీ అనండి, అన్నీ అవే వస్తాయి. మహారాష్ట్రలోని సేవాగ్రామ్ వైద్య కళాశాలలో చాలా ఏళ్లు ఆ నియమమే నడిచింది.

హౌస్‌సర్జన్_ఒకడు: సగమే చెప్పారు సార్. 1969లో మొదలైన ఆ కాలేజీలో ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో ఊరు అప్పగిస్తారు. మొదటి ఏడాదిలోనే శిబిరం వేసి అక్కడే ఉంటారు, తర్వాతా అదే ఊరికి వెళ్తుంటారు. మా దత్తత సంగతి వినండి: బస్సు దిగి, నలుగురికి బీపీ చూసి, ఫొటో దిగి, లాగ్‌బుక్కులో సంతకం పెట్టించుకుని, భోజనం వేళకు హాస్టల్లో ఉంటాం. ఆ ఇంటి ముసలాయన షుగరు మాత్రలు ఎందుకు మానేశాడో అడిగే తీరిక ఎవరికీ లేదు.

పాత_మెడికల్_ఆఫీసర్: వాసంతి గారూ, పాముకాటు ఒక్కటి తీసుకోండి. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టి, అప్పుడు వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారితే రక్తపింజర లాంటి పాము విషం పని మొదలుపెట్టిందని లెక్క, విషానికి విరుగుడు మందు ఏఎస్‌వీ ఎక్కించాలి. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బు తడి మిగిలినా ఫలితం నమ్మడానికి లేదు. కట్లపాము సంగతి ఇందులో తేలదు. నేల మీద పడుకున్నవాళ్లు తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తారు, కాటు గుర్తే కనపడకపోవచ్చు, రెప్పలు వాలుతుంటాయి. పిల్లలకైనా పెద్దలకైనా ఏఎస్‌వీ మోతాదు ఒక్కటే. ఆ మందు ఒంటికి పడకపోతే ఆదుకునేది అడ్రినలిన్, అందుకే మొదలుపెట్టే ముందే దాన్ని సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకోవాలి.

ఇదంతా వైవాలో, అంటే నోటి పరీక్షలో, గడగడా అప్పజెబుతారు. గొట్టం చేత్తో పట్టినవారు ఎందరు? పెద్దాసుపత్రిలో నమూనా ల్యాబుకు పోతుంది, ఫలితం కంప్యూటర్లో కనబడుతుంది. అక్కడే ఐదున్నరేళ్లు పెరిగినవాడికి పీహెచ్‌సీ అంటే భయం కాక ఏమవుతుంది? నేర్పకుండా నిర్బంధంగా పంపితే రిఫరల్ చీటీలు రాసే డాక్టర్లు తయారవుతారు.

గోదారిగట్టు: నేర్పినా నిలవరు డాక్టరు గారూ. క్వార్టర్సు కురుస్తాయి, పిల్లలకు బడి ఉండదు.

మన్యం_మనిషి: మీరు వచ్చి వెళ్లేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. పాడేరులో 2024లో వైద్య కళాశాల వచ్చింది. మా కొండ ఊళ్లలో గర్భిణిని ఇప్పటికీ డోలీ కట్టి రోడ్డు దాకా మోస్తాం. ఆ డోలీ మోసిన ఇంటి పిల్లలకు సీట్లిచ్చి, పక్క పీహెచ్‌సీలోనే పాఠం చెబితే నిలవరంటారా?

గోదారిగట్టు: వాళ్లు మాత్రం విశాఖకు వెళ్లరా?

పాత_మెడికల్_ఆఫీసర్: కొందరు వెళ్తారు. వెళ్లనివ్వండి. కానీ పీహెచ్‌సీలో పాఠం చెప్పాలంటే అక్కడి మెడికల్ ఆఫీసరును బోధకుడిగా గుర్తించి జీతం ఇవ్వాలి. వాసంతి గారూ, మీ కాలేజీ అందుకు ఒప్పుకుంటుందా?