మనవాళ్ళు సాధిస్తే మనకెందుకు గర్వం?

సూటిమాట:
మేరీ క్యూరీకి 1903లో ఒక నోబెల్, 1911లో ఇంకో నోబెల్ వచ్చాయి. "అదీ మా ఆడవాళ్ళ సత్తా!" అని ఒకావిడ నాతో అన్నారు. నాకు మింగుడుపడలేదు. రేడియం కోసం టన్నులకొద్దీ ఖనిజాన్ని మరగబెట్టి ఇనుప కడ్డీతో కలియబెట్టింది క్యూరీ, ఈవిడ కాదు కదా. ఆడగానో మగగానో, నల్లగానో తెల్లగానో పుట్టడం ఎవరి కష్టార్జితమూ కాదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు లేదూ?

సుద్దముక్క:
ఆ సామెత ఇక్కడ అతకదండీ. అది నేతులు తాగిన తాతల గురించి. మనం మాట్లాడుతున్నది తాగనివ్వకుండా ఆపిన వాళ్ళ గురించి.

తొమ్మిదో తరగతిలో నేను బోర్డు మీద ఒక లెక్క తప్పు చేశాను. "ఆడపిల్లలకి లెక్కలెక్కడొస్తాయిలే" అని మాస్టారు నా చేతిలోని సుద్దముక్క తీసుకుని ఒక అబ్బాయికిచ్చారు. వాడూ తప్పే చేశాడు. వాడితో మాత్రం "సరిగ్గా చూసుకోరా" అన్నారు. వాడి తప్పు వాడిది. నా తప్పు మాత్రం ఆడపిల్లలందరిదీ అయింది. అవమానం ఉమ్మడి ఖాతాలో వేసి, గర్వం దగ్గరకొచ్చేసరికి ఎవరి ఖాతా వాళ్ళదే అంటే ఎలా?

1967 బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ 261 నంబరు పెట్టుకుని పరుగెత్తుతుంటే, రేసు అధికారి ఒకాయన వెనకాలే వచ్చి ఆ నంబరు పీకేయబోయాడు. పక్కన పరుగెత్తుతున్న ఆవిడ స్నేహితుడు ఆయన్ని తోసేశాడు. ఆవిడ ఆగకుండా రేసు పూర్తి చేసింది. అక్కడ ఆడవాళ్ళని అధికారికంగా పరుగెత్తనిచ్చింది 1972లో, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ పెట్టింది 1984లో. ఆవిడ స్థానంలో నేనున్నా ఆ చెయ్యి నా నంబరు మీదికే వచ్చేది. అందుకే ఆవిడ ఆ గీత దాటిందని చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది.

నిలువుగీత:
మరి నేను మగవాణ్ణి. "విమానం కనిపెట్టింది మగాళ్ళే, టెలిఫోను కనిపెట్టింది మగాళ్ళే" అని నేను పొంగిపోతే తప్పంటారు. మీకో న్యాయం, నాకో న్యాయమా?

సుద్దముక్క:
1911లోనే క్యూరీ ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యత్వానికి నిలబడితే కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ అకాడమీ ఒక స్త్రీని పూర్తి సభ్యురాలిగా ఎన్నుకోవడానికి 1979 దాకా పట్టింది. తలుపులు బిగించి, లోపలున్నదంతా మగవాళ్ళేనని చూపిస్తే ఏం రుజువైనట్టు? మీరు పొంగిపోవద్దని నేననను. కానీ మీరు "మగాళ్ళే" అంటున్నారు, నేను "ఆడవాళ్ళూ" అంటున్నాను. మీ మాటలో ఇంకొకరికి చోటు లేదు.

నిలువుగీత:
ఆ తేడా నేను గమనించలేదు. ఒప్పుకుంటున్నాను.

సూటిమాట:
నాకు ఇంకా సగం అనుమానం మిగిలే ఉంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికా నల్లజాతి అథ్లెట్ జెస్సీ ఓవెన్స్ నాలుగు స్వర్ణాలు గెలిచాడు. నల్లవాళ్ళు దాన్ని తమ గెలుపనుకున్నారంటే, సుద్దముక్క గారు చెప్పాక నాకు అర్థమవుతోంది. కానీ నా మనసు లాగేది లాంగ్‌జంప్‌లో ఆయన చేతిలో ఓడి వెండి పతకం తీసుకున్న జర్మన్, లుట్జ్ లాంగ్ వైపు. హిట్లర్ ఏలుబడిలో, ఆ స్టేడియంలోనే, ఓవెన్స్ చెయ్యి పట్టుకుని నడిచాడు. నేను జర్మన్‌ని కాను, ఆటగాణ్ణీ కాను. అయినా ఆ ఫోటో చూస్తే ఛాతీ ఉప్పొంగుతుంది. సుద్దముక్క గారూ, ఈ గర్వాన్ని ఏ ఖాతాలో రాసుకోమంటారు?