అప్‌డేట్: అమ్మ అరికాళ్ల మంటల గురించి

పరగడుపున షుగరు 122 మాత్రమే ఉన్నా అమ్మకు అరికాళ్లు ఎందుకు మండుతున్నాయని నెల క్రితం అడిగాను. నిపుణులకు చూపించమన్న అందరికీ కృతజ్ఞతలు. గుంటూరు కొత్తపేటలో ఎండోక్రైనాలజిస్టు (మధుమేహం, హార్మోన్ల సమస్యలు చూసే డాక్టరు) దగ్గరకు తీసుకెళ్లాను. భోజనం చేసిన రెండు గంటలకు 248. సుమారు మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ 7.6, అది 6.5కు చేరినా మధుమేహమే. ఇన్నాళ్లూ పరగడుపు పరీక్ష ఒక్కటే చూసి ధీమాగా ఉన్నాం. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

షుగరు వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నాయేమోనని సన్నని నైలాన్ పోగుతో అరికాళ్లను తాకి చూస్తే కుడి బొటనవేలికి స్పర్శ తెలియలేదు. అందుకే ఇప్పుడు ఇంట్లో కూడా చెప్పులు వేసుకుంటోంది. రోజూ రాత్రి పాదాలు నేనే చూస్తున్నాను. కంటి రెటీనా బాగుంది, కిడ్నీలు దెబ్బతింటే మూత్రంలో కనిపించే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా లేదు. షుగరు తగ్గించే మెట్‌ఫార్మిన్ మందు మొదలుపెట్టారు. గోంగూర పచ్చడి ఉన్న రోజు అన్నం తగ్గించడమే అమ్మకు కష్టంగా ఉంది. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష.