అప్‌డేట్: గ్లాకోమా చుక్కలు పనిచేస్తున్నట్టే

గ్లాకోమాకి (సాధారణంగా కంటి లోపల ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) చుక్కలు వేస్తున్నా చూపు మెరుగవట్లేదు, మందు మార్పించుకోవాలా అని మొన్న అడిగాను కదా. డాక్టరుగారిని కలిశాను. కంటి ప్రెషర్ 26 నుంచి 17కి దిగింది. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నది నిలబెట్టడమే చుక్కల పని.

చుక్క వేశాక కళ్లు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలలో వేలితో 2 నిమిషాలు నొక్కి పట్టమన్నారు. లేకపోతే మందు ముక్కులోంచి గొంతులోకి జారిపోతుందట. రోజూ రాత్రి గొంతు చేదెక్కేది అందుకేనన్నమాట! రెండో మందుకు 5 నిమిషాల గ్యాప్.

టిమోలాల్ అనే గ్లాకోమా చుక్కలు ఆస్తమా ఉన్నవాళ్లకి పడవని హెచ్చరించినవాళ్లకి థ్యాంక్స్. నాకు ఆస్తమా ఉందని ముందే చెప్పేశాను, వేరేది రాశారు. ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల ఎంతమేర కనిపిస్తోందో చూసే పరీక్ష) మాత్రం మహా విసుగు.

రక్తసంబంధీకులకు రిస్క్ ఎక్కువట, అన్నయ్యనీ చూపించుకోమన్నారు. బాగానే కనిపిస్తోందంటూ వాయిదా వేస్తున్నాడు, లాక్కెళ్లాలి.