పిల్లాడికి విరేచనాలు: పీహెచ్‌సీలో ఓఆర్ఎస్ చాలన్నారు, ఆర్ఎంపీ సెలైన్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బుజ్జిగాడి నాన్న
మా వాడికి పద్నాలుగు నెలలు, తొమ్మిది కిలోలు. నిన్న రాత్రి నుంచి నీళ్ళ విరేచనాలు, మధ్యలో వాంతులు. రక్తం పడలేదు, జ్వరం పెద్దగా లేదు. పొద్దున పీహెచ్‌సీకి తీసుకెళ్తే డాక్టరమ్మ పొట్ట మీద చర్మం పట్టి వదిలి చూసి, ఫర్వాలేదని ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఇచ్చి పంపేసింది. సూది లేదు, సిరప్ లేదు. మా అత్తగారు "పిల్లాడు వాడిపోతుంటే ఉప్పునీళ్ళు పడతారా" అని ఒకటే గొడవ. మా వీధి ఆర్ఎంపీ ఒక బాటిల్ సెలైన్ ఎక్కిస్తే రేపటికి లేచి ఆడుకుంటాడంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

ఓరుగల్లు అక్క
పెట్టించు తమ్ముడూ, ఆలోచించకు. ఓఆర్ఎస్ చేతిలో పెట్టి పంపడమంటే వదిలించుకోవడమే. నా బిడ్డ విషయంలో అనుభవించిన.

లెక్కల మాస్టారు
ముందు ఒక్క విషయం చెప్పండి. ప్యాకెట్ ఎన్ని నీళ్ళలో కలిపారు?

బుజ్జిగాడి నాన్న
గ్లాసుడు నీళ్ళలో మాస్టారూ.

లెక్కల మాస్టారు
అదీ సంగతి! లీటరు నీళ్ళకి కలపాల్సింది గ్లాసుకి కలిపితే వట్టి ఉప్పు తాగించినట్టే. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. సెలైన్ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

నైట్ డ్యూటీ
మాస్టారూ, మా మెడికల్ షాపులో అమ్మేది 200 మిల్లీలీటర్ల ప్యాకెట్. దాన్ని లీటరులో కలిపితే ఉత్త నీళ్ళే.

లెక్కల మాస్టారు
ప్రభుత్వ ప్యాకెట్ లీటరుదే. నేను స్కూల్లో పంచాను, నాకు తెలుసు.

నైట్ డ్యూటీ
నేను రోజూ అమ్ముతున్నాను, నాకూ తెలుసు.

పల్లె డాక్టర్
మీ ఇద్దరి మాటా నిజమే, ప్యాకెట్లు రెండు సైజుల్లో ఉన్నాయి. సుమారు 21 గ్రాముల పొడి ఉంటే లీటరుకి, 4 గ్రాముల పైచిలుకు ఉంటే 200 మిల్లీలీటర్లకి. ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

ఇక అసలు ప్రశ్న. చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకుంది, కళ్ళు లోపలికి పోలేదు, తాగుతున్నాడు అంటే ఒంట్లో నీరు పెద్దగా తగ్గలేదు, సెలైన్ అక్కర్లేదు. ఈ వయసు పిల్లాడికి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ. తల్లిపాలు, పప్పన్నం, అరటిపండు ఏదీ ఆపొద్దు. జింక్ 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వెయ్యాలి. రక్తం పడకపోతే యాంటీబయాటిక్ ఎందుకు? విరేచనాలు కట్టే లోపెరమైడ్ మాత్ర చిన్నపిల్లలకి అసలే వద్దు.

ఆర్ఎంపీలు సెలైన్ అని ఎక్కించే బాటిల్ చాలాసార్లు గ్లూకోజ్. అందులో సోడియం ఉండదు. విరేచనాల్లో ఉప్పు పోయిన పిల్లాడికి ఉప్పులేని నీళ్ళు నరంలోకి పంపిస్తే ఫిట్స్ దాకా పోవచ్చు.

గోదారి గట్టు
షాపులో టెట్రా ప్యాక్‌లో ఓఆర్ఎస్ పేరుతో దొరికేది ఇవ్వొచ్చా? మా వాళ్ళు అదే తెస్తారు.

పల్లె డాక్టర్
పేరు చూసి మోసపోవద్దు. వాటిలో చాలావాటికి చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని ఆదేశించింది.

ఓరుగల్లు అక్క
డాక్టరు గారూ, పాఠం బాగుంది. నా బిడ్డకి కూడా పొద్దున ఇట్లనే చర్మం పట్టి చూసి పంపిండ్రు. రాత్రికి కండ్లు లోపలికి పోయినయ్, పిలిస్తే పలకలేదు. పీహెచ్‌సీకి తాళం. బండి మీద వచ్చింది ఆ ఆర్ఎంపీనే, ఆయన బాటిల్ పెట్టినంకనే పట్నం ఆసుపత్రి దాకా పోయినం. ఆయన్ని మీరు దొంగ డాక్టరంటరు.

పల్లె డాక్టర్
అమ్మా, నేను దొంగ అనలేదు. కానీ ఒక్కసారి మంచి జరిగిందని రోజూ అదే చెయ్యమంటే ఎలా? ఆర్ఎంపీల చేతిలో మంచానపడ్డ పిల్లలు వచ్చేది మా దగ్గరికే. వాళ్ళ కథ ఇక్కడ ఎవరూ రాయరు.

ఓరుగల్లు అక్క
అంటే నా బిడ్డ కథ అబద్ధమా?

లెక్కల మాస్టారు
ఆ ఓఆర్ఎస్ ఎంత నీళ్ళలో కలిపారో మీరు చెప్పలేదు.

ఓరుగల్లు అక్క
మాస్టారూ, మీ లీటరు పట్టుకుని మీరే ఉండుర్రి!

గోదారి గట్టు
😂

పల్లె డాక్టర్
ఓఆర్ఎస్ అంటే పేదవాళ్ళకిచ్చే చవక మందు అనుకుంటారు, ఈ గొడవంతా అక్కడే పుడుతోంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చినప్పుడు, పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనోబిస్ గారి దగ్గర సెలైన్ బాటిళ్ళు అయిపోవచ్చాయి. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు బంధువుల చేతే తాగించారు. మరణాలు 30 శాతం స్థాయి నుంచి 4 శాతం లోపుకి పడ్డాయి. చాలావరకు సెలైన్ లేకుండానే, ఇంటివాళ్ళ చేతులతోనే.

ఓరుగల్లు అక్క
అదే నేనూ అంటున్న! ఆ పెద్దాయన బంధువుల చేతికిచ్చి పక్కనే ఉన్నడు కదా. మమ్మల్ని ఇంటికి పంపి ఎవరున్నరు? ఓఆర్ఎస్ పనిచెయ్యదని నేనెప్పుడన్నా అన్ననా? ఏం చూసుకోవాలె, ఎప్పుడు మళ్ళా రావాలె అని ఒక్కలు చెప్పలే. ప్యాకెట్ చేతిల పెట్టి "నెక్స్ట్" అన్నరు. ఆర్ఎంపీ మంచం మీద కూసొని ఎన్నిసార్లు పోయిండు, ఏం తిన్నడు అని అడుగుతడు. సూది కోసం కాదు సార్, అడిగెటోడి కోసం పోతం.

నైట్ డ్యూటీ
ఇది నిజం. షాపుకొచ్చి నన్ను అడుగుతారు, "డాక్టరు గారు ఏం చెప్పారో అర్థం కాలేదు" అని.

పల్లె డాక్టర్
నాకూ కోపం వస్తుంది, చెప్పనివ్వండి. పొద్దున ఓపీలో వందకి పైగా చీటీలు. నేనొక్కడిని. ఒక్కో తల్లికి పది నిమిషాలు చెప్తే బయట వరసలో ఉన్నవాళ్ళు తలుపు కొడతారు. డాక్టరు పోస్టులు ఖాళీగా ఉంటే ఆ కోపం నా మీదెందుకు?

ఆశా కార్యకర్త
సార్, చెప్పే పని మాదే. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళకి ఓఆర్ఎస్ తీసుకెళ్ళి, కలిపి చూపించాలి. నేను చూపిస్తాను కూడా. కానీ సర్వేలని, యాప్‌లో ఫోటోలని సగం పొద్దు దానికే పోతుంది. విరేచనాలు మొదలైన ఇంటికి ఆ రోజే వెళ్ళమని ఎవరూ అడగరు, ఎంట్రీ పడిందా అని అడుగుతారు.

ఓరుగల్లు అక్క
నీ మీద కోపం లేదు చెల్లె.

పల్లె డాక్టర్
బుజ్జిగాడి నాన్న గారూ, మీకు ఎవరూ చెప్పకపోతే నేను చెప్తున్నాను. కళ్ళు లోపలికి పోవడం, మత్తుగా పడి ఉండటం, తాగలేకపోవడం లేదా ఏది పట్టినా కక్కేయడం, చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలవడం, విరేచనంలో రక్తం. ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళండి. అక్కడ పెట్టే సెలైన్ అవసరమైన సెలైన్, కిలోకి ఇంత అని లెక్క కట్టి పెడతారు. దారిలో తాగగలిగితే ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.

బుజ్జిగాడి నాన్న
థాంక్స్ డాక్టరు గారూ. మా ప్యాకెట్ లీటరుదే. మళ్ళీ కలిపాం, చెంచాతో తాగుతున్నాడు. అత్తగారు ఇంకా ఆర్ఎంపీ అంటూనే ఉన్నారు. జింక్ మాత్ర మాత్రం ఉమ్మేస్తున్నాడు.

నైట్ డ్యూటీ
చెంచాడు తల్లిపాలలోనో నీళ్ళలోనో వేస్తే కరిగిపోతుంది. అలా పట్టండి.

ఓరుగల్లు అక్క
డాక్టరు గారూ, ఇప్పుడు ఇక్కడ రాసింది మీ ఓపీ చీటీ వెనకాల అచ్చు కొట్టించుర్రి. అప్పుడు ఒప్పుకుంట.

ఆశా కార్యకర్త
చదవడం రాని వాళ్ళకి చీటీ ఏం చేస్తుందక్కా? బొమ్మలేయించండి సార్. ఆ కాగితం నేను ఇంటింటికీ పట్టుకెళ్తాను, ఆ పూట యాప్ పని మాత్రం అడగొద్దు.

పల్లె డాక్టర్
బొమ్మలు వేయిస్తాను. యాప్ సంగతి నా చేతిలో లేదు.