ఖోఖో, తాబేళ్ల నడక: రెండూ మానేయాలా?

పెరంబూరు విద్యార్థిని:
నమస్కారమండీ. చెన్నైలో పదకొండో తరగతి చదువుతున్నాను. ఆరో తరగతి నుంచి ఖోఖో ఆడుతున్నాను. ఈ జనవరి నుంచి శనివారం రాత్రుళ్లు నాన్న తోడు రాగా, నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా సముద్ర తీరం వెంట విద్యార్థి బృందంతో నడుస్తూ ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్ల గూళ్లు వెతుకుతున్నాను. మొదటి గూడు దొరికిన రాత్రి ఒక అక్క గుడ్లను భద్రమైన చోటికి మార్చి పొదిగించడానికి ఇసుకలో మోచేతి దాకా చెయ్యి పెట్టి తీస్తుంటే నేను సంచి పట్టుకున్నాను. ఒక గుడ్డు నా అరచేతిలో పెట్టింది. తెల్లగా, గుండ్రంగా, ఇసుక అంటుకుని ఉంది. ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. వచ్చే ఏడాది పన్నెండో తరగతి కాబట్టి అన్నీ మానేయమంటోంది అమ్మ. నాకు మనసొప్పడం లేదు.

విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు:
ఆట మాత్రం వదలకు తల్లీ. ఖోఖోలో తరిమేవాళ్లు ఒకసారి దిశ పట్టాక వెనక్కి తిరగకూడదు. ఆ క్షణంలో తీసుకునే నిర్ణయం ఎంత పదునైనదో ముప్పై ఏళ్లు మైదానంలో నిలబడి చూశాను. పోటీలు తగ్గించుకో, సాయంత్రం అరగంట సాధన ఉంచుకో.

వేళచ్చేరి అన్నయ్య:
నేను పన్నెండులో నెలకొక్కసారే నడిచాను. గుడ్లు పొదగడానికి నలభై అయిదు రోజులకు పైగా పడుతుంది. పరీక్షలు ముగిశాక ఏప్రిల్‌లో పిల్లలను సముద్రంలోకి వదిలేటప్పుడు వెళ్లాను.

పెరంబూరు విద్యార్థిని:
అన్నయ్యా, ఆ మాట అమ్మకు చదివి వినిపించాను. ఈ శనివారం తనూ వస్తానంది!